మంచుపై జారువిద్య

గుంటూరు జిల్లాలోని దుగ్గిరాల పసుపునకు పేరు పొందిన ఊరు. చుట్టుప్రక్కల పొలములలో పండిన పసుపు ఇచ్చటి విపణికి వచ్చి, దేశములోని పలు ప్రాంతములకు పోవుచుండును. నేలనుండి త్రవ్వి తీసిన పసుపు కొమ్ము మనము అంగడిలో చూచునంత నునుపుగా ఉండదు. దానిని ఉడికించి, కల్లములో పలు దినములు ఎండబెట్టిన పిదప పైతోలు గరుకెక్కి, ముడుతలు పడి యుండును. అట్టి కొమ్ములను పీపాలో పోసి గిరగిర త్రిప్పుదురు. కొమ్ము కొమ్మును రాచుకొనును. పీపా గోడను రాచుకొనును. తోలు రాలిపోయి కొమ్మునకు మెఱుగు వచ్చును. ఈ పని యంతయు చేయునది రాపిడియే. శాస్త్రజ్ఞులు దీనిని ఘర్షణము అందురు.

పీపాలో మేలు చేసిన ఘర్షణము బండి ఇరుసువద్ద కీడు చేయును. అందుచేతనే బండివాడు ఇరుసునకు కందెన పెట్టును. కందెన పెట్టినంతనే చక్రము తేలికగా తిరుగును. అట్లని ఘర్షణము ఎల్లచోటులను లేకుండ పోయినచో మేలగునా? కాదు. ఎడ్ల గిట్టలు నేలను పట్టుకొననిచో బండి అంగుళమైనను కదలదు. ఇరుసువద్ద జారుడు కావలెను. గిట్టలవద్ద పట్టు కావలెను. ఈ రెండును ఒకే బండికి అవసరములు. ఈ చిన్న సంగతిని మనసున ఉంచుకొన్నచో, ఇప్పుడు చెప్పబోవు వింత విద్య సులభముగా తెలియును.

వానకాలమున నాట్లు వేయు దినములలో పొలము గట్లను చూడుడు. నల్లరేగడి నేల తడిసి, కాలు పెట్టిన చోటెల్ల జారుచుండును. నారుకట్టలను తలపై పెట్టుకొని గట్టుమీద నడచు కూలివారు కాలివ్రేళ్ళను మన్నులోనికి అదిమి, చిన్న చిన్న అడుగులు వేయుదురు. అలవాటు లేనివాడు తొందరపడి పెద్ద అడుగు వేసెనా, కట్టతో సహా క్రింద పడుట తథ్యము. ఇట్టి గట్టుకంటెను మిక్కిలి జారునట్టి మంచుగడ్డపై పరుగులు తీయువారును, నాట్యము చేయువారును లోకమున ఉన్నారు.

ఉత్తర ఐరోపా దేశములలో శీతకాలమున చెఱువులును కాలువలును పైభాగమున గడ్డకట్టి, మనుష్యులు నడచునంత గట్టిపడును. అచ్చటి జనులు పాదరక్షల క్రింద సన్నని ఉక్కు బద్దలను బిగించుకొని ఆ గడ్డపై జారుచు పోవుదురు. ఆ సాధనమునకు స్కేటు అనియు, ఆ విద్యకు స్కేటింగు అనియు పేరు. నాట్యమునకు వాడు బద్ద వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. పందెములలో వాడునది ఇంకను సన్నము; వెడల్పు ఒక మిల్లీమీటరునకు కొంచెము ఎక్కువ. ఆ సన్నని బద్దపై నిలిచి మేటి పందెగాండ్రు 500 మీటర్ల దూరమును 34 సెకండ్ల లోపల దాటుచున్నారు. ఇది గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగము. నాట్యము చేయువారు ఒంటికాలిపై నిలిచి బొంగరమువలె తిరుగుదురు. గట్టుపై ఒక అడుగు తప్పినంతనే పడిపోవు మనకు ఇది ఇంద్రజాలమువలె తోచును. కాని ఇందులో ఇంద్రజాలమేమియు లేదు. దీని కారణమును మన కాలువ గట్టుననే వెదకవచ్చును.

విజయవాడవద్ద కృష్ణానదిపై 1852 మొదలు 1855 వఱకు ఆనకట్ట నిర్మింపబడినది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. అచ్చటనుండి పశ్చిమ డెల్టాకు నీరు తెచ్చు ప్రధాన కాలువ సీతానగరమునుండి బయలుదేఱి దుగ్గిరాలకు వచ్చుచున్నది. రైళ్ళును లారీలును పెరుగక పూర్వము డెల్టా కాలువలపై ధాన్యపు పడవలు తిరిగెడివి. పడవవాడు పొడవైన గడను కాలువ అడుగున నాటి, బలమంతయు దానిపై మోపి వెనుకకు నెట్టును. పడవ ముందునకు సాగును. పడవవాడు నెట్టినది నేలను, కదలినది పడవ. ఇది ఎట్లు?

ఇంగ్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథమున దీనికి సమాధానము ఉన్నది. మనము ఒక వస్తువును ఎంత బలముతో నెట్టుదుమో, అది మనలను అంతే బలముతో ఎదురు దిక్కునకు నెట్టును. ఇది గమన నియమములలో మూడవది. గడ నేలను వెనుకకు నెట్టగా, నేల గడను ముందునకు నెట్టినది. గడను పట్టుకొన్న మనిషియు, అతడు నిలిచిన పడవయు ఆ బలముచేతనే కదలినవి. మనము నడచునపుడును జరుగునది ఇదియే. పాదము నేలను వెనుకకు నెట్టును; నేల మనలను ముందునకు నెట్టును. బురద గట్టుపై పాదమునకు పట్టు దొరకదు. నేలను నెట్టుటకు వీలుపడదు. కావుననే నడక సాగదు.

మంచుపై జారువిద్య మొదట మన పడవ నడుపు విద్యవలెనే ఉండెనన్న సంగతి వినిన మీకు ఆశ్చర్యము కలుగును. పన్నెండవ శతాబ్దమున ఫిట్జ్‌స్టీఫెన్ అను రచయిత లండను నగరమును వర్ణించుచు, నగరపు గోడకు ఉత్తరమున గడ్డకట్టిన మడుగుపై యువకులు ఆడు ఆటను గూర్చి వ్రాసెను. వారు జంతువుల ఎముకలను పాదముల క్రింద కట్టుకొని, ఇనుప మొన గల కఱ్ఱలను చేతబట్టి, ఆ కఱ్ఱలతో మంచును పొడిచి నెట్టుకొనుచు వేగముగా పోయెడివారట. ఎముక నున్ననిది. ముందునకు ఎట్లు జారునో ప్రక్కకును అట్లే జారును. కావున కాలితో నెట్టుటకు వీలులేదు. పట్టుకొఱకు వేఱుగా కఱ్ఱ కావలసివచ్చినది. పడవవాని గడయు, లండను యువకుని కఱ్ఱయు చేయు పని ఒక్కటే.

పిమ్మట మధ్యయుగములలోనే, కాలువలు విస్తారముగా గల నెదర్లాండ్సు ప్రాంతమున ఎముకకు బదులు ఇనుప బద్ద వచ్చినది. బద్దకు వాడియైన అంచులు ఉండును. నిలువుగా, అనగా తన పొడవు వెంబడి, అది సునాయాసముగా జారును. ప్రక్కకు నెట్టినచో దాని అంచు మంచులో దిగి, కదలక పట్టుకొనును. ఒకే బద్ద ఒక దిక్కున జారుడును, మఱియొక దిక్కున పట్టును ఇచ్చుచున్నది. బండికి ఇరుసును గిట్టలును వేఱువేఱుగా చేసిన పనులను ఇచ్చట ఒక్క ఉక్కు బద్దయే చేయుచున్నది. కఱ్ఱ అవసరము తీరిపోయెను. చేతులకు విడుదల కలిగెను. జారువిద్యలోని గొప్ప మార్పు ఇదియే.

ఇప్పుడు స్కేటువాడు ఎట్లు ముందునకు పోవునో చూతము. అతడు మనవలె పాదమును తిన్నగా వెనుకకు నెట్టడు. అట్లు నెట్టినచో బద్ద వెనుకకు జారిపోవునేగాని మనిషి కదలడు. అందుచేత అతడు ఎడమకాలి వ్రేళ్ళను కొంచెము బయటి వైపునకు త్రిప్పి, బద్ద లోపలి అంచును మంచులో దిగునట్లు ఒరిగించి, కాలిని ప్రక్కకు చాచుచు నెట్టును. మంచు అతనిని కుడివైపునకును ముందునకును నెట్టును. అతడు కుడికాలిపై జారుచు పోవును. వెంటనే కుడికాలితో అట్లే నెట్టును. ఈసారి ఎడమకును ముందునకును పోవును. కుడి ఎడమల కదలికలు ఒకదానినొకటి సరిపెట్టుకొనును. ముందునకు పోవు కదలిక మాత్రము కూడుచు వచ్చును. అతడు పోయిన త్రోవను పైనుండి చూచినచో ఏటి మెలికలవలె కనబడును.

ఈ పద్ధతిలో ఇంకొక లాభము గలదు. పరుగెత్తువాని పాదము నేలను నెట్టు క్షణమున కదలక నిలువవలెను. దేహమెంత వేగముగా పోవుచున్నను పాదము మాత్రము నేలపై ఆగి, మరల లేచి, దేహమును మించి ముందునకు పోవలెను. వేగము పెరిగినకొలది నేలను నెట్టుటకు దొరకు కాలము తగ్గిపోవును. 2009లో బెర్లిను నగరమున ఉసేన్ బోల్టు 100 మీటర్లను 9.58 సెకండ్లలో పరుగెత్తెను. మానవుని పరుగులో దానిని మించినది ఇంతవఱకు లేదు. అతని సగటు వేగము సెకండునకు పదిమీటర్లకు కొంచెము ఎక్కువ. స్కేటు పందెగాని సగటు వేగమో సెకండునకు పదునాలుగు మీటర్లను మించును. ఏలయన, స్కేటువాని పాదము ఆగనక్కఱలేదు. నెట్టుచున్న బద్ద కూడ తన పొడవు వెంబడి జారుచునే ఉండును. జారుచునే నెట్టగలుగుట ఈ విద్యలోని రహస్యము.

నెట్టుడు ఎంత దూరము సాగినచో అంత పని జరుగును. ఈ సూత్రము ననుసరించియే నెదర్లాండ్సు పరిశోధకులు మడమవద్ద విడివడు కొత్త స్కేటును రూపొందించిరి. దాని బద్ద పాదపు ముందు భాగమున మాత్రమే కీలుతో అమర్చబడి యుండును. మడమ పైకి లేచినను బద్ద మంచును విడువదు. అందుచేత పిక్క కండరములు కడవఱకు నెట్టగలవు. 1998లో జపానులోని నగానోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ స్కేట్లను ధరించినవారు పాత రికార్డులను తిరుగవ్రాసిరి. కాలి బలము హఠాత్తుగా పెరుగలేదు. ఉన్న బలమే కొంచెము ఎక్కువసేపు పనిచేసినది.

మంచుగడ్డ ఎందుకు జారును? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను పెద్దవారిని సైతము చాలకాలము తికమక పెట్టినది. అద్దము కూడ నున్ననిదే. కాని పొడి అద్దముపై ఎవరును జారిపోరు. మంచుపై పలుచని తడిపొర ఉండుటచేతనే అది జారుచున్నది. ఆ పొర ఎచ్చటనుండి వచ్చినదను విషయమే వివాదము. ఒత్తిడి పెరిగినచో మంచు కొంచెము తక్కువ ఉష్ణోగ్రతవద్దనే కరగునని 1849లో జేమ్స్ థామ్సన్ గణించి చెప్పెను. దీనినిబట్టి, స్కేటు బద్ద మనిషి బరువుచేత మంచును ఒత్తి కరిగించుచున్నదని 1886లో జాలీ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. ఆ వివరణము పలు పుస్తకములలోనికి ఎక్కి, పెక్కేండ్లు నిలిచినది.

అది నిజమో కాదో మీరే లెక్కవేసి చూడవచ్చును. ఒక మనిషి బరువు 60 కిలోగ్రాములనుకొందము. బద్ద వెడల్పు 4 మిల్లీమీటర్లు. మంచును తాకు పొడవు 10 సెంటీమీటర్లు. అనగా తాకు వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై పడు బరువు 15 కిలోగ్రాములు. ఇది మన చుట్టునున్న గాలి ఒత్తిడికి సుమారు 15 రెట్లు. మంచు కరగు ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ తగ్గించుటకు గాలి ఒత్తిడికి 130 రెట్లకు పైగా ఒత్తిడి కావలెను. కావున ఇచ్చట తగ్గునది డిగ్రీలో పదవ వంతు మాత్రమే. బద్ద అంచు మాత్రమే తాకుచున్నదని, వైశాల్యము పదవ వంతే అనుకొన్నను, తగ్గునది ఇంచుమించు ఒక డిగ్రీ. కాని స్కేటువారు సున్నకు ఏడెనిమిది డిగ్రీలు తక్కువగా ఉన్న మంచుపైనను హాయిగా జారుచున్నారు. ఒత్తిడి ఒక్కటే కారణమైనచో ఇది జరుగరాదు.

మఱి తడి ఎచ్చటిది? 1939లో బౌడెన్, హ్యూజ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసి, రాపిడివలన పుట్టిన వేడిమియే మంచు పైపొరను కరిగించుచున్నదని చూపిరి. చలి దినమున అరచేతులు రుద్దుకొన్నచో వెచ్చబడుట మీరెఱుగుదురు. ఇదియు అట్టిదే. ఇంతేగాక, ఎవరును తాకకున్నను మంచుగడ్డ పైభాగమున మిక్కిలి పలుచని పొర ఒకటి పూర్తిగా గట్టిపడక ఉండును. లోపలి అణువులను అన్ని వైపులను పొరుగు అణువులు పట్టుకొని యుండును. పై వరుసలోని వానికి పైన పట్టుకొనువారు లేరు. అందుచేత అవి కొంత స్వేచ్ఛగా కదలుచుండును. ఇట్టి పొర గలదని 1850లోనే ఫారడే ఊహించెను. సోడా అంగడిలో రెండు మంచుముక్కలను ఒకదానికొకటి ఆనించి కొంచెముసేపు పట్టుకొని చూడుడు, అవి అతుకుకొనును. ఫారడే ఆలోచన ఇట్టి అనుభవమునుండియే పుట్టినది.

చలి మిక్కిలి పెరిగినచో ఈ తడిపొర క్షీణించును. మంచు జారుగుణము తగ్గును. ధ్రువ ప్రాంతములలో సంచరించినవారు, అతి చలి దినములలో తమ జారుబండ్లు ఇసుకపై లాగినట్లు బరువైనవని వ్రాసిరి. కరగు స్థితికి మిక్కిలి చేరువైనపుడును మంచు మెత్తబడి, బద్ద దానిలో దిగబడును. సున్నకు సుమారు ఏడు డిగ్రీలు తక్కువగా ఉన్నపుడు మంచు బాగుగా జారునని ఇటీవలి ప్రయోగములు తెలుపుచున్నవి. పెద్దలు చెప్పిన కారణమైనను లెక్కకు నిలువవలెను, ప్రయోగమునకు నిలువవలెను. ఈ పాఠమును కూడ మంచుగడ్డయే మనకు నేర్పినది.

మంచుపై ఉక్కు బద్ద జారునపుడు దానిని ఆపు ఘర్షణబలము మనిషి బరువులో సుమారు 200వ వంతు. 60 కిలోగ్రాముల మనిషికి ఇది 300 గ్రాముల బరువుతో సమానము. సెకండునకు 5 మీటర్ల వేగముతో పోవుచు కాళ్ళు కదపక ఊరకున్నచో, గాలి అడ్డు లేదనుకొన్నపుడు, అతడు సుమారు 250 మీటర్లు జారిపోవును. మామూలు చెప్పులతో పొడినేలపై అదే వేగముతో పోవుచు జారినచో రెండు మూడు మీటర్లలో నిలిచిపోవును. మంచుపై స్కేటువానికి అసలు శత్రువు మంచు కాదు, గాలి. అందుచేతనే పందెగాండ్రు నడుము వంచి, వీపును నేలకు సమముగా ఉంచి, ఒక చేతిని వెనుకకు మడచుకొని పోవుదురు.

ఇంత తేలికగా జారువాడు మలుపు తిరుగుట ఎట్లు? ఇచ్చటనే పట్టు విలువ మరల తెలియును. కదలుచున్న వస్తువు తిన్నగా పోవుటకే చూచును. దానిని మలుపుటకు ప్రక్కనుండి బలము కావలెను. సైకిలువాడు మలుపులో లోపలి వైపునకు ఒరుగుట మీరు చూచియుందురు. స్కేటువాడును అట్లే ఒరుగును. ఒరిగినపుడు బద్ద అంచు మంచులో దిగును. మంచు అతనిని మలుపు లోపలి వైపునకు నెట్టును. వేగము ఎక్కువైనచో ఒరుగుటయు ఎక్కువ కావలెను. అంచు పట్టు తప్పినచో అతడు మలుపు తిరుగక, తిన్నగా పోయి గోడను తాకును.

ఇక బొంగరమువలె తిరుగు విద్య. నాట్యకత్తె మొదట వంపు త్రోవలో వచ్చి, ఒక కాలి అంచును మంచులో పట్టించి, దేహమును త్రిప్పును. చేతులు రెండును బారలు చాచి యుండును. అప్పుడు ఆమె మెల్లగా తిరుగుచుండును. క్రమముగా చేతులను దగ్గఱకు తీసికొని ఎదురురొమ్మున అదుముకొనును. ఎవరును త్రిప్పకయే వేగము హెచ్చును. ముఖము కూడ గుర్తింపరాని వేగముతో తిరుగును. మరల చేతులు చాచినంతనే వేగము తగ్గును.

దీని కారణము ఇది. తిరుగుచున్న వస్తువును ఆపుటయైనను, త్రిప్పుటయైనను ఎంత కష్టమో చెప్పునది దాని బరువు ఒక్కటియే కాదు. ఆ బరువు ఇరుసునకు ఎంత దూరమున ఉన్నదను సంగతియు ముఖ్యము. దూరము రెండింతలైనచో ఆ కష్టము నాలుగింతలగును. దూరము మూడవ వంతైనచో కష్టము తొమ్మిదవ వంతగును. దీనిని జడత్వ భ్రామకము అందురు. ఈ భ్రామకమును తిరుగు వేగముతో హెచ్చించగా వచ్చునది కోణీయ ద్రవ్యవేగము. బయటినుండి త్రిప్పునట్టిగాని ఆపునట్టిగాని బలము లేనంతవఱకు ఇది మారదు. ఒకటి తగ్గినచో రెండవది పెరిగి తీరవలెను. చేతులు చాచినపుడు భ్రామకము 3 పాళ్ళనియు, వేగము సెకండునకు 2 చుట్లనియు అనుకొందము. లబ్ధము 6. చేతులు దగ్గఱకు తీసికొనగా భ్రామకము 1 పాలైనచో, లబ్ధము 6గానే ఉండవలెను గనుక వేగము సెకండునకు 6 చుట్లగును. 2015లో కెనడా దేశపు ఒలీవియా ఆలివర్ అను యువతి నిమిషమునకు 342 చుట్ల వేగముతో తిరిగి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అది సెకండునకు అయిదు చుట్లకు మించిన వేగము.

మంచు లేకున్నను దీనిని మీరు పరీక్షింపవచ్చును. ఎండిన బొప్పాయి కాడ బోలుగా ఉండును. దాని ముక్కనొకదానిని తీసికొని, లోపలినుండి దారము దూర్చి, పై కొనకు చిన్న గుడ్డ మూటను కట్టుడు. ఆరుబయట నిలిచి, కాడను ఒక చేత పట్టుకొని మూటను తల మీదుగా త్రిప్పుడు. తిరుగుచుండగా క్రింది దారమును రెండవ చేతితో లాగుడు. మూట కాడకు దగ్గఱైనకొలది వేగము పెరుగును. లాగునపుడు దారము మీ వ్రేళ్ళను ఎదిరించుట తెలియును. ఆ ఎదురును జయించుటకు మీరు చేసిన పనియే మూటకు అదనపు వేగమైనది. నాట్యకత్తె చేతులను దగ్గఱకు తీసికొనునపుడు ఆమె కండరములును ఇట్టి పనినే చేయుచున్నవి. ఉచితముగా వచ్చిన వేగము ఏదియు లేదు.

ఈ నియమము ఎగిరి తిరుగువారికి మఱింత కఠినమైన పరీక్ష. పైకి ఎగిరినవాడు గాలిలో ఉండు కాలము సుమారు 0.7 సెకండు. ఆ కాలములో ఎగిరి దిగుటకు 60 సెంటీమీటర్ల ఎత్తు చాలును. 2022లో అమెరికా యువకుడు ఇలియా మాలినిన్ ఒక్క ఎగురుడులో నాలుగున్నర చుట్లు తిరిగెను. పోటీలో అంతకు పూర్వము ఎవరును దానిని సాధింపలేదు. గాలిలోనికి పోయిన పిదప చేతులు ముడుచుకొని వేగమును హెచ్చించుకొనవచ్చునేగాని, కోణీయ ద్రవ్యవేగమును కొంచెమైనను పెంచుకొనలేడు. ఏలయన నెట్టుటకు అచ్చట ఏమియు లేదు. కావలసినదంతయు కాలు మంచును విడుచుటకు పూర్వమే, బద్ద అంచుతో మంచును నెట్టి సంపాదించుకొనవలెను. ఆకాశమున కనబడు ఆ విన్యాసమునకు మూలము నేలపై దొరకిన పట్టు.

తెలుగుదేశమున కాలువలు గడ్డకట్టవు. అయినను ఈ విద్య మనకు దూరముకాలేదు. బద్దకు బదులు చిన్న చక్రములు గల స్కేట్లు ఉన్నవి. చక్రమును పరిశీలింపుడు. ముందునకు దొర్లును, ప్రక్కకు నెట్టినచో కదలక నేలను పట్టుకొనును. ఉక్కు బద్ద మంచుపై చేసిన పనినే చక్రము గచ్చుపై చేయుచున్నది. కావున కాలిని ప్రక్కకు చాచి నెట్టుట, మలుపులో ఒరుగుట, చేతులు ముడిచి తిరుగుట అన్నియు ఇచ్చటను ఒకే రీతిగా సాగును.

హైదరాబాదునకు చెందిన అనూప్ కుమార్ యామా ఇట్టి చక్రముల స్కేట్లపై నాట్యవిన్యాసములు చేసి, 2010లో చైనాలోని గ్వాంగ్జౌ ఆసియా క్రీడలలో కాంస్య పతకములు పొందెను. 2015లో అర్జున పురస్కారమును అందుకొనెను. దుగ్గిరాలకు పొరుగుననే యున్న మంగళగిరి బాలిక మాత్రపు జెస్సీ రాజ్ ఈ విద్యలోనే రాణించి, 2024 డిసెంబరులో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారమును పొందినది. తెలంగాణకు చెందిన తాళ్లూరి నయనశ్రీ 2025 జనవరిలో, సముద్ర మట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణమున జరిగిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలలో మంచుపై స్కేటింగు పందెమున స్వర్ణ పతకము గెలిచినది. ఎండలు మండు సీమలో పుట్టినవారికి మంచు నియమములు అందవని అనుటకు ఇక వీలులేదు.

బాలలారా! ఏ పట్టును లేని జారుడు మనలను పడద్రోయును. ఏ జారుడును లేని పట్టు మనలను కదలనీయదు. ఏ దిక్కున జారవలెనో, ఏ దిక్కున పట్టుకొనవలెనో తెలిసికొన్న మనుష్యుడు సన్నని ఉక్కు బద్దపై నిలిచి గుఱ్ఱమువలె పరుగెత్తగలిగెను. వానకాలమున పొలము గట్టుపై నడచునపుడు మీ కాలివ్రేళ్ళు ఏమి చేయుచున్నవో ఒకసారి గమనింపుడు. పుస్తకమున చదివిన నియమమును కాలు అంతకు ముందే నేర్చియుండుట మీకు తెలియును.